మొటిమల మందుకు వందల డాలర్లు అక్కర్లేదు

అమెరికాలోని తెలుగు ఇళ్లలో పదమూడేళ్ల అమ్మాయి స్కూలుకు వెళ్లనని ఏడ్చినా, పద్నాలుగేళ్ల అబ్బాయి ఫొటో దిగనని మొండికేసినా చాలాసార్లు కారణం మొటిమలే. 12 నుంచి 24 ఏళ్ల మధ్య వయసువారిలో దాదాపు 85 శాతం మందికి ఎంతో కొంత మొటిమలు వస్తాయని అక్కడి చర్మవైద్యుల అకాడమీ చెబుతోంది. పెద్దవాళ్లు ‘వేడి చేసింది, మజ్జిగ తాగు’ అనో, ‘వయసు మొటిమలే, అవే పోతాయి’ అనో సరిపెడతారు. పిల్లలేమో వీడియోల్లో చూసిన ఖరీదైన సీరమ్‌లు కొనమంటారు. గట్టి రుజువులున్న మందులు మాత్రం ఫార్మసీ అరల్లో చవకగానే దొరుకుతున్నాయి.

ముందుగా మొటిమ ఎలా పుడుతుందో చూద్దాం. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగి, చర్మంలోని తైలగ్రంథులు ఎక్కువ జిడ్డును స్రవిస్తాయి. రాలిపోవలసిన చర్మకణాలు ఆ జిడ్డుతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల క్యుటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాంతో అక్కడ వాచి, ఎర్రబడి, చీము పడుతుంది. మురికికీ దీనికీ సంబంధం లేదు. సున్నిపిండితో గట్టిగా రుద్దితే మొటిమలు పోవు, చర్మం ఒరుసుకుపోతుంది. నిమ్మరసం, టూత్‌పేస్టు మంట పెడతాయి. రోజుకు రెండుసార్లు, బాగా చెమట పట్టాక మరోసారి సున్నితమైన క్లెన్సర్‌తో కడుక్కుంటే చాలు. తలకు పెట్టిన నూనె నుదుటి మీదికి జారినా అక్కడ మొటిమలు లేస్తాయి. పిల్లల తలకు నూనె పట్టించే ఇళ్లలో ఇది గమనించాలి.

ఇక మందుల సంగతి. అడాపలీన్ జెల్‌కు 1996లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చినప్పుడు అది డాక్టరు చీటీ ఉంటేనే దొరికే మందు. 2016 జులైలో 0.1 శాతం జెల్‌ను, 12 ఏళ్లు నిండినవారికి, చీటీ లేకుండా అమ్మడానికి ఎఫ్‌డీఏ అనుమతించింది. ఇది విటమిన్ ఎ వంటి రెటినాయిడ్ల కుటుంబానికి చెందిన మందు. రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తుంది, వాపు తగ్గిస్తుంది. రెండోది బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది బ్యాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్‌లకు లొంగనట్టుగా బ్యాక్టీరియా దీనికి ఎదురు తిరగడం కనిపించలేదు. 10 శాతం మందు కొంటే త్వరగా తగ్గుతుందనుకుంటారు గానీ 2.5 శాతంతోనూ దాదాపు అంతే ఫలితం ఉంటుంది, మంట తక్కువ. అడాపలీన్ 0.1 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం కలిపి 2008లో ఎపిడ్యువో అనే ప్రిస్క్రిప్షన్ జెల్ వచ్చింది. ఆ రెండు మందులూ అదే మోతాదుల్లో ఇప్పుడు చీటీ లేకుండా విడివిడిగా కొనుక్కోవచ్చు. పెద్ద దుకాణాల సొంత బ్రాండ్లు ఇంకా చవక. డబ్బా ముందువైపు రాసిన మాటలు కాకుండా వెనక ‘డ్రగ్ ఫ్యాక్ట్స్’ పట్టికలో మందు పేరు, శాతం చదివి కొనండి.

వాడే పద్ధతి తెలియకే చాలామంది మధ్యలో మానేస్తారు. రాత్రి మొహం కడిగి, తడి ఆరాక, బఠాణీ గింజంత అడాపలీన్ తీసుకుని మొహమంతా పలుచగా రాయాలి. మొటిమ మీద చుక్క పెట్టి ఊరుకుంటే కొత్తవి ఆగవు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాసి, పైన రంధ్రాలు మూయని మాయిశ్చరైజర్ పట్టిస్తే పొడిబారడం తగ్గుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ ఉదయం వాడొచ్చు. అది తువ్వాళ్ల, దిండు గలీబుల రంగు పోగొడుతుంది కాబట్టి తెల్లవి వాడటం మేలు. వేడికి దానిలో బెంజీన్ ఏర్పడవచ్చు. అందుకని కారులో వదిలేయకుండా చల్లని చోట ఉంచాలి, గడువు తీరితే పారేయాలి. తొలి వారాల్లో మొటిమలు కాస్త ఎక్కువైనట్టు కనిపించినా భయపడొద్దు. అసలు ఫలితం 8 నుంచి 12 వారాలకు తెలుస్తుంది. గర్భవతులు అడాపలీన్ వాడకూడదు.

మన ఛాయ చర్మానికి మరో బాధ ఉంది. మొటిమ తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. గిల్లితే మచ్చ మరింత ముదురుతుంది, గుంట కూడా పడొచ్చు. ఎండ మచ్చను ఇంకా నల్లబరుస్తుంది. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాయడం చికిత్సలో భాగమే. ఆ మచ్చలు పోవాలని ఇండియా నుంచి వచ్చేవాళ్ల చేత ‘ఫెయిర్‌నెస్’ క్రీములు తెప్పించుకోకండి. వాటిలో కొన్నింటిలో బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. అలాంటివి రాస్తే నాలుగు రోజులు మొహం నునుపుగా మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మానేయగానే మొటిమలు విరుచుకుపడతాయి. ఈ దుర్వినియోగం చూసే 2018లో భారత ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాలని ఆదేశించింది.

మూడు నెలలు క్రమం తప్పకుండా వాడినా తగ్గకపోయినా, లోతైన గడ్డలు లేస్తున్నా, గుంటలు పడుతున్నా, బిడ్డ దిగులు పడుతున్నా డాక్టరును కలవండి. అమ్మాయిలకు నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే అండాశయ సమస్య కావచ్చు, అదీ చెప్పండి. చర్మవైద్యుల అపాయింట్‌మెంటుకు నెలలు పట్టవచ్చు. ఈలోగా మీ పీడియాట్రీషియన్ ట్రెటినాయిన్, డాక్సీసైక్లిన్ వంటి చవక జెనరిక్ మందులు రాయగలరు. యాంటీబయాటిక్ ఒక్కదాన్నే వాడొద్దనీ, బెంజాయిల్ పెరాక్సైడ్ జోడించి వీలైనంత తక్కువ కాలం వాడాలనీ 2024 నాటి చర్మవైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొండి మొటిమలకు ఐసోట్రెటినాయిన్ ఉంది. 1982 నుంచి వాడుకలో ఉన్న ఈ మాత్ర గర్భస్థ శిశువుకు తీవ్ర హాని చేస్తుంది కాబట్టి ‘ఐప్లెడ్జ్’ అనే కట్టుదిట్టమైన పద్ధతి కిందే ఇస్తారు.

ఖర్చు తగ్గించుకునే దారులూ ఉన్నాయి. 2020 నుంచి చీటీ లేని మొటిమల మందులకు కూడా ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ అనే వైద్య ఖర్చుల పొదుపు ఖాతాల డబ్బు వాడుకోవచ్చు. ఆదాయం తక్కువైన కుటుంబాల పిల్లలకు మెడికెయిడ్, చిప్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు ఉన్నాయి. అర్హత నియమాలు, ముఖ్యంగా వలస వచ్చినవారికి, రాష్ట్రాన్ని బట్టి మారతాయి. బీమా లేనివారిని కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఆదాయాన్ని బట్టి తగ్గించిన ఫీజుకు చూస్తాయి. ఫార్మసీలో జెనరిక్ ధర, కూపన్ ధర రెండూ అడగండి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పెళ్లిళ్లలో, పార్టీల్లో బంధువులు ‘మొహమేంటి ఇలా అయింది?’ అన్నప్పుడు మీ పిల్లల పక్షాన నిలబడండి. వీలైతే ఈ వారమే అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కొని, వాడే తీరు దగ్గరుండి చూపించి, మూడు నెలలు ఓపిక పట్టమని చెప్పండి.