అడిగినప్పుడే ఊపిరినిచ్చే యంత్రం

ద్రవాల పీడనం పాఠం నడుస్తుండగా ఒక విద్యార్థి లేచి అడిగాడు: "సార్, పొడుగాటి గొట్టం ఒక కొస నోట్లో పెట్టుకుని, రెండో కొస నీటిపైన తేలేలా కట్టుకుంటే సముద్రం అడుగున ఎంతసేపైనా ఉండొచ్చు కదా? వీపు మీద ఆ సిలిండర్ బరువెందుకు?" నీటి కింద ఊపిరినిచ్చే స్కూబా రెగ్యులేటర్ గొప్పతనమంతా ఈ ప్రశ్నకు చెప్పాల్సిన జవాబులోనే ఉంది.

ఒక్క మీటరు లోతుకు వెళితే చాలు, ప్రతి చదరపు మీటరు మీద టన్ను నీటి బరువు అదనంగా పడుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ఛాతీ మీద అది 90 కిలోల పైమాటే. గొట్టంలోంచి వచ్చేది మాత్రం ఒడ్డున ఉండే మామూలు గాలి. బయట అంత బరువు నొక్కుతుంటే ఛాతీని విప్పార్చి ఆ గాలిని లోపలికి లాగే శక్తి మన కండరాలకు లేదు. ఈతగాళ్లు నోట్లో పెట్టుకునే స్నార్కెల్ గొట్టాలు మూరెడు పొడవు దాటకపోవడానికి ఇదొక కారణం.

కాబట్టి నీటి కింద గాలి దొరికితే చాలదు. ఆ లోతులో నీరు ఎంత పీడనంతో నొక్కుతోందో, గాలి కూడా అంతే పీడనంతో నోటికి అందాలి. 5 మీటర్ల దగ్గర అది ఒకటిన్నర అట్మాస్ఫియర్లు, 10 మీటర్ల దగ్గర రెండు. సిలిండర్లో ఉన్నదేమో దాదాపు 200. దాన్ని నేరుగా నోట్లోకి వదిలితే ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. ఈ 200ను ఎప్పటికప్పుడు లోతుకు తగినట్టు దించేదే రెగ్యులేటర్.

మరి ఎంత లోతులో ఉన్నామో దానికి ఎవరు చెప్పాలి? సముద్రమే చెబుతుంది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. నోటి దగ్గరుండే డబ్బీకి ఒక వైపు పలచటి రబ్బరు పొర ఉంటుంది. దాని బయటి ముఖం నీటికి తగులుతూ ఉంటుంది, లోపలి ముఖం మనం పీల్చే గాలికి. మనం ఊపిరి తీయగానే లోపలి పీడనం కాస్త తగ్గుతుంది. బయటి నీరు పొరను లోపలికి నొక్కుతుంది. పొర ఒక మీటను నొక్కుతుంది, మీట వాల్వును తెరుస్తుంది, గాలి వస్తుంది. లోపలి పీడనం నీటి పీడనంతో సమానం కాగానే పొర వెనక్కి జరుగుతుంది, వాల్వు మూసుకుంటుంది. ఊపిరి వదిలినప్పుడు వాడిన గాలి ఇంకో రబ్బరు వాల్వును తోసుకుని బుడగలుగా బయటికి పోతుంది. బ్యాటరీ లేదు, ముల్లు లేదు, లెక్క లేదు. వంటగ్యాస్ సిలిండర్ మీది రెగ్యులేటర్ దీనికి దగ్గరి చుట్టమే. దానిలోనూ ఇలాంటి పొరే ఉంటుంది, కాకపోతే దానికి అవతలి వైపు ఉండేది గది గాలి.

ఈ ఆలోచన 1860లలోనే పుట్టింది. ఫ్రాన్స్‌లో రూకెరోల్ అనే గని ఇంజనీరు, దనెరూజ్ అనే నౌకాదళ అధికారి కలిసి ఇలాంటి పరికరం చేశారు. కానీ ఆనాటి ఇనప ట్యాంకుల్లో ఎక్కువ పీడనంతో గాలి నింపడం కుదరలేదు. ఆ పద్ధతి మరుగున పడింది.

మళ్లీ అది పైకి వచ్చింది యుద్ధకాలపు పారిస్‌లో. పెట్రోలు దొరక్క కార్లను బొగ్గుగ్యాస్ లాంటి వాటితో నడుపుతున్న రోజులవి. ఇంజను ఎంత లాగితే అంతే గ్యాస్ అందించే వాల్వును ఎయిర్ లిక్విడ్ కంపెనీలో ఎమిల్ గాన్యాఁ అనే ఇంజనీరు తయారుచేశాడు. 1942 చివర్లో నౌకాదళ అధికారి జాక్ కూస్తో ఆయన్ను కలిశాడు. ఇంజను అడిగినప్పుడు ఇచ్చే వాల్వు, మనిషి అడిగినప్పుడు ఇవ్వలేదా?

కొద్ది వారాల్లో తొలి నమూనాతో కూస్తో పారిస్ దగ్గరి మార్న్ నదిలో దిగాడు. అడ్డంగా ఈదుతున్నంతసేపు బాగానే పనిచేసింది. నిటారుగా నిలబడితే మాత్రం గాలి ఆగకుండా వృథాగా పోయింది. తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. లోపం వాల్వులో లేదు, బుడగలు పోయే దారి ఉన్న చోటులో ఉంది. ఆ దారి రబ్బరు పొరకు సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో ఉండేది. మనిషి నిలబడితే అది పొరకన్నా పైన ఉంటుంది. అక్కడ నీటి పీడనం తక్కువ కాబట్టి గాలి అటు జారిపోతుంది. ఆ ఖాళీతో పొర లోపలికి ఒరిగి వాల్వును తెరిచే ఉంచుతుంది. తలకిందులైతే సరిగ్గా దీనికి తారుమారుగా జరుగుతుంది. అంత చిన్న తేడాకే ఇంత జరుగుతుందా అనిపించవచ్చు. కానీ రెగ్యులేటర్ స్పందించాల్సింది కొన్ని సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన పీల్పుకే. గాన్యాఁ ఆ దారిని పొర పక్కకే చేర్చాడు. 1943 వేసవిలో కూస్తో మధ్యధరా సముద్రంలో తలకిందులుగా కూడా హాయిగా ఊపిరి తీశాడు.

అయినా యంత్రం మెడ వెనకే ఉండేది. రెండు లావుపాటి గొట్టాలు నోటిదాకా వచ్చేవి. బోర్లా ఈదితే పొర ఊపిరితిత్తులకన్నా పైన ఉంటుంది కనుక పీల్చడానికి కాస్త బలం పెట్టాలి. మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్‌డ్రెడ్ అనే ఆస్ట్రేలియన్, ఫ్రెంచివాళ్ల పేటెంట్‌కు తగలకుండా వేరే దారి వెతికాడు. 1950ల తొలినాళ్లలో పని రెండుగా విడగొట్టాడు. సిలిండర్ దగ్గర ఒక అంచె పీడనాన్ని చాలావరకు దించుతుంది. ఒకే ఒక్క సన్నటి గొట్టం గాలిని నోటి దగ్గరికి తెస్తుంది. పొర, మీట, బుడగల దారి అన్నీ అక్కడే ఉంటాయి. దాని పేరు పోర్పాయిస్. చివరికి ఎయిర్ లిక్విడ్ ఎల్‌డ్రెడ్ కంపెనీనే కొనేసింది. పేరు కూస్తోకు దక్కినా, ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నది ఎల్‌డ్రెడ్ అమరికనే. నా దృష్టిలో ఈ పోటీలో గెలుపు అతనిదే.

ఆ తర్వాత అదనపు మౌత్‌పీస్, పీడనం చూపే మీటరు, గాలి నింపుకునే జాకెట్, చేతికి కట్టుకునే కంప్యూటర్ చేరాయి. ఇప్పుడు ఈత రానివాళ్లు కూడా అండమాన్‌లోని హావ్‌లాక్‌లో నీమో రీఫ్ దగ్గర ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని పగడాల మధ్య తిరిగి వస్తున్నారు. మన విశాఖ రుషికొండలోనూ స్కూబా నేర్పేవాళ్లున్నారు.

అలా దిగబోయేవారికి ఒక్క మాట. లోతు తక్కువ కదా అని ధీమాగా ఉండకండి. 30 మీటర్ల నుంచి 20కి వస్తే ఛాతీలోని గాలి మూడో వంతే పెరుగుతుంది. 10 మీటర్ల నుంచి పైకి వస్తే రెట్టింపవుతుంది. రెగ్యులేటర్ ఇచ్చింది పీడనంతో కూడిన గాలి. దాన్ని బిగబట్టి పైకి వస్తే మీటరున్నర లోతు కూడా ఊపిరితిత్తులను చీల్చగలదు. కంగారు పడ్డా, చేప కనబడి ఆశ్చర్యపోయినా, ఊపిరి మాత్రం తీస్తూ వదులుతూనే ఉండండి. ఎంత గొప్ప యంత్రమైనా ఆ పని మన తరఫున చేయలేదు.