రక్తపరీక్షయు, వేడిమియు

మా పాఠశాలలో విద్యార్థుల రక్తవర్గములను పరీక్షింపజేసిన దినమున ఒక విద్యార్థి తండ్రిగారు, "చీటిపై వర్గము వ్రాసియున్నది గదా, రక్తమెక్కించునప్పుడు మరల పరీక్ష యేల?" అని మమ్మడిగిరి. తగిన ప్రశ్నయే. అందుకు సమాధానమును ఇచట వ్రాయుచున్నాము.

ఎర్రకణములపై నుండు గుర్తులను ప్రతిజనకములందురు. వానిని పట్టుకొను మాంసకృత్తులు రక్తరసములో నుండును, అవి ప్రతిరక్షకములు. 1901లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తవర్గముల భేదమును ప్రకటించెను.

ఈ పట్టు వేడిమిని బట్టి మారును. కొన్ని ప్రతిరక్షకములు 4 డిగ్రీల చలిలో కణములను గుంపుగా చేర్చును గాని, 37 డిగ్రీల దేహోష్ణమున విడిచిపెట్టును. అట్టివి సాధారణముగా హాని చేయవు. ఆర్‌హెచ్ ప్రతిరక్షకములు మాత్రము దేహోష్ణముననే చక్కగా పట్టును. కావున నవి ప్రమాదకరములు.

బొంబాయిలో భెండే ప్రభృతులు కనుగొని 1952లో ప్రకటించిన వర్గము ఇందుకు మంచి నిదర్శనము. ఆ వర్గమువారి కణములపై హెచ్ అను గుర్తు లేదు. మామూలు పరీక్షలో వారు ఓ వర్గమువారివలెనే కన్పట్టుదురు. హెచ్ గుర్తును పట్టు ప్రతిరక్షకము ఇతరులలో ఎప్పుడైన కన్పించినను సాధారణముగా చలిలోనే పనిచేయును. వీరిలోనిదో, 37 డిగ్రీలయందును కణములను నాశనము చేయగలదు. వీరికి ఓ రక్తము నెక్కించుట ప్రాణాపాయము. తమ వర్గమువారి రక్తమే శరణ్యము.

కావుననే దాత ఎర్రకణములను రోగి రక్తరసముతో 37 డిగ్రీలయందు కలిపి చూతురు. ఆ కొంతసేపు మనము ఓపిక పట్టవలెను. చీటి మన బిడ్డ వర్గమును తెలుపును. తెచ్చిన రక్తము ఆ బిడ్డకు సరిపడునో లేదో ఈ పరీక్షయే తెలుపును.