ఫార్మిక్ ఆమ్లము - ప్రమాదములు, జాగ్రత్తలు

ఫార్మిక్ ఆమ్లము ఒక కర్బన ఆమ్లము. దీని శాస్త్రీయ నామము మిథనోయిక్ ఆమ్లము. కార్బాక్సిలిక్ ఆమ్లముల వర్గములో అన్నిటికంటె సరళమైన నిర్మాణము కలిగినది ఇదే. దీని అణువులో ఒక కార్బన్, రెండు హైడ్రోజన్, రెండు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. చీమ కాటులో ఉండే ఆమ్లముగా విద్యార్థులకు ఇది చిన్న తరగతులలోనే పరిచయమవుతుంది. రసాయన శాస్త్రములో దీనిని బలహీన ఆమ్లముగా వర్గీకరిస్తారు. అయితే గాఢ ఫార్మిక్ ఆమ్లము చర్మమును, కళ్ళను, శ్వాసనాళమును తీవ్రముగా గాయపరచే పదార్థము. ప్రయోగశాలలలోను, రబ్బరు తోటలలోను, తోళ్ళ, అద్దకపు పరిశ్రమలలోను దీనిని వాడేవారు తగిన జాగ్రత్తలు పాటించవలెను.

పేరు, చరిత్ర

లాటిన్ భాషలో ఫార్మికా అనగా చీమ. ఈ ఆమ్లమునకు ఆ పేరు అందువలననే వచ్చింది. ఇంగ్లండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త జాన్ రే పెద్ద సంఖ్యలో చీమలను స్వేదనము చేసి ఈ ఆమ్లమును రాబట్టిన విధమును 1671లో వివరించాడు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మార్సెలిన్ బెర్తెలో 1855లో దీనిని కార్బన్ మోనాక్సైడ్ నుండి తయారుచేశాడు. నేటి పరిశ్రమలలో ప్రధానముగా మిథనాల్, కార్బన్ మోనాక్సైడ్‌లను కలిపి మిథైల్ ఫార్మేట్ తయారుచేసి, దానిని నీటితో జల విశ్లేషణ గావించి ఈ ఆమ్లమును ఉత్పత్తి చేస్తున్నారు.

అన్ని చీమలలోను ఈ ఆమ్లము ఉండదు. మామిడి చెట్లపై ఆకులను కలిపి గూళ్ళు కట్టే ఎర్రచీమలు దీనిని ఉత్పత్తి చేసే వర్గమునకు చెందినవి. అవి కొరికిన చోట పొట్ట చివరి నుండి ఆమ్లమును చిమ్ముతాయి. నిప్పు చీమల విషములో ముఖ్యమైనవి ఆల్కలాయిడులు. తేనెటీగ విషములో ప్రధానమైనది మెలిటిన్ అనే పెప్టైడు. తేనెటీగ కాటు మంటకు ఫార్మిక్ ఆమ్లమే కారణమనే అభిప్రాయము సరికాదు.

భౌతిక ధర్మములు

ఇది రంగులేని, ఘాటైన వాసన గల ద్రవము. నీటిలో ఏ పాళ్ళలోనైనా కలుస్తుంది. ద్రవీభవన ఉష్ణోగ్రత 8.4 డిగ్రీల సెంటీగ్రేడు, మరుగు ఉష్ణోగ్రత 100.8 డిగ్రీలు. ఒక మిల్లీలీటరు ఆమ్లము సుమారు 1.22 గ్రాముల బరువు ఉంటుంది. అణుభారము 46.03. దీని ఆవిరి గాలి కంటె సుమారు 1.6 రెట్లు బరువైనది. కనుక మూసి ఉన్న గదులలో నేలకు దగ్గరగా చేరే అవకాశము ఉన్నది. గాఢ ఆమ్లము మండే స్వభావము కూడ కలది.

బలహీన ఆమ్లము అనగా అర్థము

ఒక ఆమ్లము బలమైనదా, బలహీనమైనదా అన్నది నీటిలో దాని అణువులు ఎంత మేరకు అయాన్లుగా విడిపోతాయన్న దానిని బట్టి నిర్ణయిస్తారు. లీటరుకు 0.1 మోల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లములో దాదాపు అణువులన్నీ విడిపోతాయి. అదే గాఢత గల ఫార్మిక్ ఆమ్లములో నూటికి సుమారు నాలుగు అణువులే విడిపోతాయి. దీని పీకేఏ విలువ 3.75. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లపు విలువ 4.76. అనగా ఫార్మిక్ ఆమ్లము ఎసిటిక్ ఆమ్లము కంటె సుమారు పది రెట్లు బలమైనది.

ఈ వర్గీకరణ విడిపోయే శాతమును మాత్రమే తెలుపుతుంది, ప్రమాదపు స్థాయిని తెలుపదు. విడిపోని అణువులకు విద్యుదావేశము ఉండదు కాబట్టి అవి చర్మములోనికి, కణములలోనికి సులభముగా చొచ్చుకుపోగలవు. విడిపోయిన అయాన్లు ఖర్చయిన కొద్దీ మిగిలిన అణువులు క్రమముగా విడిపోతూనే ఉంటాయి. కాబట్టి బలహీన ఆమ్లమన్న పేరును చూసి దీనిని తేలికగా తీసుకొనరాదు. ప్రమాదమును నిర్ణయించేది గాఢత, తగిలిన పరిమాణము, తగిలి ఉన్న సమయము.

గాఢతను బట్టి ప్రమాదము

ఐరోపా సమాఖ్య వర్గీకరణ ప్రకారము ఫార్మిక్ ఆమ్లపు ద్రావణములు ఈ క్రింది విధముగా ఉంటాయి.

* 90 శాతము, అంతకు మించినవి: అతి తక్కువ సమయములోనే తీవ్రమైన చర్మదాహము కలిగిస్తాయి.
* 10 శాతము నుండి 90 శాతము లోపు: చర్మమును కాల్చి గాయపరుస్తాయి.
* 2 శాతము నుండి 10 శాతము లోపు: చర్మమునకు, కళ్ళకు మంట, ప్రకోపము కలిగిస్తాయి.

85 శాతమునకు మించిన ఆమ్లమునకు రవాణాలో ఐక్యరాజ్య సమితి సంఖ్య 1779. ఇది ప్రధానముగా తినివేసే పదార్థముగాను, అదనముగా మండే ద్రవముగాను గుర్తింపబడినది.

శరీరముపై ప్రభావము

కళ్ళు: గాఢ ఆమ్లము కంటిలో పడితే కనుపాప పైపొర దెబ్బతిని శాశ్వతముగా చూపు పోయే ప్రమాదము కలదు.

చర్మము: మంట, ఎర్రదనము, బొబ్బలు, లోతైన గాయములు ఏర్పడతాయి. ఎక్కువ విస్తీర్ణములో తగిలితే ఆమ్లము రక్తములోనికి కూడ చేరుతుంది.

శ్వాస: ఆవిరిని పీల్చినపుడు ముక్కు, గొంతు మండుతాయి, దగ్గు, ఆయాసము వస్తాయి. ఊపిరితిత్తులలో నీరు చేరడమనే తీవ్ర లక్షణము కొన్ని గంటల తరువాత కూడ బయటపడవచ్చును. అమెరికాలో ఎనిమిది గంటల పనికాలమునకు అనుమతించిన సగటు పరిమితి పది లక్షల భాగముల గాలిలో 5 భాగములు, అనగా ఘనపు మీటరుకు 9 మిల్లీగ్రాములు. 30 భాగములను ప్రాణమునకు తక్షణ ప్రమాదకరమైన స్థాయిగా పరిగణిస్తారు.

మింగినపుడు: నోరు, అన్నవాహిక, జీర్ణాశయము కాలిపోతాయి. రక్తములో ఆమ్లత్వము పెరుగుతుంది, ఎర్ర రక్తకణములు విచ్ఛిన్నమవుతాయి, మూత్రపిండములు పనిచేయడము మానివేయవచ్చును. కణములు ఆక్సిజన్‌ను వినియోగించుకొనుటకు అవసరమైన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఫార్మేట్ అడ్డుకుంటుంది. మిథనాల్ కలిసిన కల్తీ సారా త్రాగినవారు చూపు కోల్పోవుటకు కారణము కూడ ఇదే. శరీరములో మిథనాల్ మొదట ఫార్మాల్డిహైడుగా, పిదప ఫార్మిక్ ఆమ్లముగా మారి దృష్టి నాడిని దెబ్బతీస్తుంది.

ఉపయోగములు, ప్రమాదము జరిగే తీరు

రబ్బరు పాలను గడ్డకట్టించుటకు ఫార్మిక్ ఆమ్లము విరివిగా వాడుకలో ఉన్నది. భారతదేశములో రబ్బరు అధికముగా పండే కేరళలో చిన్న రైతుల ఇళ్ళలో కూడ ఇది ఉంటుంది. ఆమ్లము త్రాగి ఆసుపత్రిలో చేరిన రోగుల వివరములను అక్కడి వైద్యులు వైద్య పత్రికలలో ప్రచురించారు. తోళ్ళను ఊనుటలోను, వస్త్రముల అద్దకములోను, పశుగ్రాసమును నిలవ చేయుటలోను దీనిని వాడతారు. ఐరోపా, ఉత్తర అమెరికాలలో తేనెటీగలను పీడించే వరోవా పురుగులను చంపుటకు దీని ఆవిరిని ఉపయోగిస్తారు.

గాఢ ఆమ్లమును చిన్న సీసాలలోనికి వంపి పేరు వ్రాయకుండా ఉంచడము ప్రమాదకరము. ఆమ్లము రంగు లేనిది కాబట్టి నీళ్ళ సీసాలోనో, శీతల పానీయపు సీసాలోనో పోసినపుడు చూపుతో గుర్తుపట్టలేరు. ఆహార పానీయములకు వాడిన సీసాలలో దీనిని ఎన్నడును పోయరాదు. పిల్లలకు అందని చోట తాళము వేసి ఉంచవలెను.

నిలవ చేయుట

గాఢ ఫార్మిక్ ఆమ్లము సాధారణ ఉష్ణోగ్రత వద్ద కూడ మెల్లగా విచ్ఛిన్నమై కార్బన్ మోనాక్సైడుగా, నీరుగా మారుతుంది. ఒక లీటరు ఆమ్లములో నూటికి ఒక వంతు విచ్ఛిన్నమైనా సుమారు ఆరున్నర లీటర్ల వాయువు పుడుతుంది. బిగుతుగా మూసిన సీసాలో ఈ వాయువు ఒత్తిడి పెరిగి సీసా పగలవచ్చును. కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని విష వాయువు. అందుచేత గాఢ ఆమ్లపు సీసాలకు వాయువు బయటకు పోయే ఏర్పాటు గల మూతలు వాడతారు. సీసాలను చల్లని, గాలి బాగా ఆడే చోట, ఎండ తగలకుండా ఉంచవలెను. చాలకాలము తెరవని సీసాను ముఖమునకు దూరముగా, ధూమమును బయటకు లాగే గూటిలో ఉంచి మెల్లగా తెరవవలెను.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లము తగిలితే ఫార్మిక్ ఆమ్లము వేగముగా విచ్ఛిన్నమవుతుంది. ప్రయోగశాలలో కార్బన్ మోనాక్సైడును తయారుచేసే పద్ధతి ఇదే. కాబట్టి ఈ రెండింటిని ఒకే అరలో ఉంచరాదు. హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిస్తే పేలుడు స్వభావము గల పెర్‌ఫార్మిక్ ఆమ్లము ఏర్పడుతుంది. నైట్రిక్ ఆమ్లము వంటి ఆక్సీకరణులకు, గాఢ క్షారములకు కూడ దీనిని దూరముగా ఉంచవలెను.

వాడకములో జాగ్రత్తలు

* పక్కలు మూసి ఉండే రక్షణ కళ్ళద్దములు, అవసరమైతే ముఖకవచము ధరించవలెను. మామూలు కళ్ళజోడు చాలదు.
* గాఢ ఆమ్లమునకు బ్యూటైల్ రబ్బరు చేతి తొడుగులు తగినవి. పలుచని తొడుగుల గుండా ఆమ్లము త్వరగా లోపలికి చేరుతుంది.
* నోటితో పిపెట్టులోనికి పీల్చరాదు. సీసాను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూడరాదు.
* పలుచన చేయునపుడు నీటిలో ఆమ్లమును కొద్దికొద్దిగా పోస్తూ కలుపవలెను. 85 శాతపు ఆమ్లము 10 మిల్లీలీటర్లను ఒక లీటరు నీటిలో కలిపితే సుమారు 1 శాతపు ద్రావణము వస్తుంది.
* చలికి గడ్డకట్టిన ఆమ్లమును మంటపై పెట్టి కరిగించరాదు.

ప్రథమ చికిత్స

చీమ కుట్టిన చోట తడిపిన వంట సోడా రుద్దవలెనని పాఠ్యపుస్తకములలో విద్యార్థులు చదువుతారు. చీమ చిమ్మే ఆమ్లము అతి స్వల్పము. గాఢ ఆమ్లము ఒలికినపుడు ఈ పద్ధతి పనికిరాదు. సోడా కోసము వెదకే సమయములో గాయము లోతుగా మారుతుంది, రుద్దుట వలన కమిలిన చర్మము మరింత దెబ్బతింటుంది. అప్పుడు చేయవలసినది వెంటనే ధారాళముగా నీటితో కడుగుటయే.

* చర్మముపై పడినపుడు: తడిసిన బట్టలు, గడియారము, ఉంగరములు తీసివేసి కనీసము 15 నిమిషములు పారే నీటితో కడుగవలెను. నూనె, పసుపు, లేపనములు పూయరాదు.
* కంటిలో పడినపుడు: రెప్పలను తెరచి పట్టి కనీసము 15 నిమిషములు శుభ్రమైన నీటితో కడుగవలెను. కాంటాక్ట్ లెన్సులు సులభముగా వస్తే తీసివేయవలెను. నొప్పి తగ్గినా కంటి వైద్యునికి చూపవలెను.
* ఆవిరి పీల్చినపుడు: స్వచ్ఛమైన గాలిలోనికి చేర్చవలెను. ఆయాసము లేకున్నా వైద్యుని పర్యవేక్షణ అవసరము.
* మింగినపుడు: నోరు పుక్కిలింపజేయవలెను. వాంతి చేయించరాదు. వంట సోడా త్రాగించరాదు. దాని వలన పుట్టే వాయువు దెబ్బతిన్న జీర్ణాశయమును ఉబ్బిస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో 108కి ఫోను చేయవచ్చును. సీసాపై చీటీని వైద్యునికి చూపితే చికిత్సకు తోడ్పడుతుంది.

ఒలికిన ఆమ్లమును శుభ్రపరచుట

ముందుగా ఇతరులను దూరముగా పంపి, దగ్గరలోని మంటలను ఆర్పి, కిటికీలు తెరవవలెను. కొద్ది పరిమాణములో ఒలికితే వంట సోడాను గాని, చాకలి సోడాను గాని అంచుల నుండి మధ్యకు మెల్లగా చల్లవలెను. 46 గ్రాముల ఆమ్లమును తటస్థీకరించుటకు 84 గ్రాముల వంట సోడా కావలెను. ఆ చర్యలో సుమారు 24 లీటర్ల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. నురగ ఆగిన తరువాత ఇసుకతో ఎత్తివేసి, ఆ చోటును ఎక్కువ నీటితో కడుగవలెను. రంపపు పొట్టు వంటి మండే పదార్థములను వాడరాదు. మిగిలిపోయిన గాఢ ఆమ్లమును మురుగు కాలువలోనికి గాని, బావి, చెరువుల దగ్గర గాని పారబోయరాదు.