జిఫ్ గమ్మత్తులు: సున్నా అంటే ఆగనే ఆగదు!

మీకు తెలుసా? వాట్సాప్‌లో పొద్దున లేచింది మొదలు కళ్లెగరేస్తూ కనిపించే జిఫ్ బొమ్మ, వాట్సాప్ కంటే 22 ఏళ్లు పెద్దది! అమెరికాలోని కంప్యూసర్వ్ సంస్థలో స్టీవ్ విల్‌హైట్ బృందం దాన్ని 1987 జూన్ 15న బయటికి వదిలింది. పెద్దమనిషే, కానీ ఒక్కచోట కుదురుగా నిలబడదు.

అదే జూన్ 15న ఇంకో వింత జరిగింది, మీకు తెలుసా? 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఆయన 12 కెమెరాలు వరుసగా పెట్టి, పరిగెడుతున్న గుర్రాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీశాడు. జిఫ్ పుట్టుకకు సరిగ్గా 109 ఏళ్ల ముందు! ఆ ఫొటోల్ని ఇప్పుడు ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పేర్చినా గుర్రం లేచి దౌడు తీస్తుంది. ఈ తేదీని జ్యోతిషులు గమనించగలరు.

మైబ్రిడ్జ్‌కి 12 కెమెరాలు కావాల్సి వచ్చాయి. మీకు ఒక్క ఫోను చాలు. బేతంచెర్లలో ఏదో ఒక రాతి పాలిష్ ఫ్యాక్టరీ దగ్గర నిలబడి, గరుకు నాపరాయి బండ అద్దంలా తేలేదాకా ఫోను కదపకుండా ఓ పది ఫొటోలు తీయండి. ఉచితంగా దొరికే జింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘ఓపెన్ యాజ్ లేయర్స్’ నొక్కండి. పదీ పొరలు పొరలుగా పడతాయి. జిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ‘యాజ్ యానిమేషన్’ దగ్గర టిక్ పెట్టండి. టిక్ మరిచారా, బండ బండలాగే ఉంటుంది!

అన్నట్టు, పొరల్లో మొదట ఆడేది ఏదో తెలుసా? అన్నిటికన్నా అడుగున ఉన్నది! వరస తిరగబడిందంటే మెరిసే బండ మెల్లమెల్లగా గరుకెక్కుతుంది. కొనడానికొచ్చినాయన కంట పడకూడని సినిమా అది.

జింప్‌లో పొర పేరు పక్కనే బ్రాకెట్లో మిల్లీసెకన్లు రాస్తే, ఆ బొమ్మ అంతసేపే నిలుస్తుందని తెలుసా? పేరులోనే ముహూర్తం! 1995లో బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. మన పిల్లల ప్రాజెక్టుల సంగతి ఇక్కడ ఎత్తొద్దు.

డబ్బు పెట్టి ఫొటోషాప్ కొనుక్కునేవాళ్లకూ ఓ ముచ్చట. దాన్ని తయారుచేసే అడోబీకి 2007 డిసెంబరులో సీఈఓ అయిన శంతను నారాయణ్ పుట్టింది హైదరాబాద్‌లో, ఇంజినీరింగ్ చదివింది ఉస్మానియాలో. ఫొటోషాప్‌లో ‘మేక్ ఫ్రేమ్స్ ఫ్రమ్ లేయర్స్’ నొక్కినప్పుడల్లా కాస్త కాలరెగరేయొచ్చు, తప్పులేదు.

మామూలు ఫొటోలో పట్టే రంగులెన్నో మీకు తెలుసా? 1,67,77,216. మరి జిఫ్‌లో ఒక ఫ్రేముకు? 256! అందుకే జిఫ్‌లో పెళ్లికూతురి పట్టుచీర చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆగండి, అసలు కిటుకు ఇక్కడుంది. మామూలు నలుపు-తెలుపు ఫొటోలో ఛాయలెన్ని? అవీ 256! అంటే మన బండను నలుపు-తెలుపులో తీస్తే ఒక్క ఛాయ కూడా పోదు. పట్టుచీర ఓడిన చోట నాపరాయి గెలిచింది!

ఇంకో తిరకాసు. జిఫ్‌లో కాలాన్ని సెకనులో నూరో వంతుల్లో కొలుస్తారు. ఈ ఏర్పాటు 1989లో వచ్చింది. బొమ్మ రివ్వున పోవాలని ఒక్కో ఫ్రేముకు 0.01 సెకను ఇచ్చారనుకోండి. చాలా బ్రౌజర్లు ‘ఇదేం తొందరప్పా!’ అని దాన్ని 0.1 సెకను చేసేస్తాయి. పదింతలు నెమ్మది! 0.02 ఇచ్చినవాడు ముందు వెళ్లిపోతాడు.

ఒక ఫ్రేము ఎంతసేపు నిలవగలదో తెలుసా? 655.35 సెకన్లు. దాదాపు 11 నిమిషాలు! అంతసేపు కదలకపోతే దాన్ని ఫొటో అనడమే మర్యాద.

ఎన్నిసార్లు తిరగాలో చెప్పే చోట 0 వేస్తే ఎన్నిసార్లు తిరుగుతుంది? ఒక్కసారీ తిరగదనుకున్నారా? అనంతం! లెక్కల మాస్టారు వింటే బెత్తం తీస్తారు.

ఈ ‘మళ్లీ మళ్లీ’ వరం ఇచ్చింది నెట్‌స్కేప్ అనే బ్రౌజర్. 2008లో దాని కథ ముగిసింది. కానీ ఆగకుండా తిరిగే జిఫ్ ఫైలును విప్పి చూడండి, లోపల ‘నెట్‌స్కేప్2.0’ అనే పేరు ఇంగ్లిషులో 11 అక్షరాలుగా ఇప్పటికీ ఉంటుంది. ఆ బ్రౌజర్ చచ్చి ఇన్నేళ్లయినా, మన బ్రహ్మానందం నవ్వును తిప్పుతున్నది అదే!

బ్రహ్మానందం అంటే గుర్తొచ్చింది. జిఫ్‌కు నోరు లేదు, శబ్దం అసలే పట్టదు. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పి, సినిమాల సంఖ్యతో గిన్నిస్‌కెక్కిన ఆయనకు ఇప్పుడు ఫోన్లలో ఉన్న ఉద్యోగం ఏమిటి? నోరు మెదపకుండా నవ్వించడం!

జిఫ్‌లను కాల్చేయమని పిలుపునిచ్చిన రోజూ ఒకటుంది, తెలుసా? 1999 నవంబరు 5. జిఫ్‌ను కుదించే పద్ధతి మీద యూనిసిస్ సంస్థకు పేటెంటు ఉండటం ఆ కోపానికి కారణం. 2003 జూన్ 20న అమెరికాలో ఆ పేటెంటు గడువు తీరింది. కాల్చమన్నవాళ్ల ఫోన్లలో ఇప్పుడెన్ని జిఫ్‌లున్నాయో ఎవరైనా చూడాలి.

బేతంచెర్ల మ్యాపుతోనూ జిఫ్ చేయొచ్చు. 1952లో మద్రాసు రాష్ట్రం, ఒక ఫ్రేము. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, రెండు. 1956లో ఆంధ్రప్రదేశ్, మూడు. 2014లో విభజన, నాలుగు. 2022లో నంద్యాల జిల్లా, ఐదు. ఊరు అంగుళం కదల్లేదు, గీతలే ఆడాయి!

చివరి ప్రశ్న. యాగంటి గుడిలోని రాతి నంది బసవన్న 20 ఏళ్లకు ఒక అంగుళం పెరుగుతాడని మన సీమలో చెప్పుకుంటారు కదా. అంగుళం పెరిగినప్పుడల్లా ఓ ఫొటో చొప్పున, సెకనుకు పది ఫ్రేముల లెక్కన, పది సెకన్ల జిఫ్ చేయడానికి ఎన్నేళ్లు పడుతుంది? 2,000! ఫోను చార్జింగ్‌లో పెట్టే ఉంచండి.