ఫోన్ పోయినప్పుడు ముందు సమాచారం చెరపాలి, ఆ తరువాతే బ్లాక్ చేయాలి

2022లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలోకి మారిన ముదినేపల్లి మండలంతో సహా రాష్ట్రమంతటా 2024 జూలైలో పింఛన్ల పంపిణీ సచివాలయ సిబ్బందికి అప్పగించబడినది. లబ్ధిదారుల గుర్తింపునకు వారు మొబైల్ యాప్‌ను వినియోగిస్తారు. ఆధార్ కార్డుల ఫొటోలు కూడా ఆ ఫోన్‌లోనే మిగిలిపోయే అవకాశం ఉన్నది.

పోయిన ఫోన్‌ను సంచార్ సాథీ పోర్టల్‌లో, పోలీసు ఫిర్యాదు ప్రతిని జతపరచి, బ్లాక్ చేయించవచ్చును. అయితే దీనివలన ఫోన్‌కు మొబైల్ నెట్‌వర్క్ అందదే గాని అందులోని సమాచారం చెరిగిపోదు. పొరపాటు జరిగేది సాధారణంగా ఇక్కడే. దూరం నుండి సమాచారాన్ని చెరిపివేసే ఆదేశం ఫోన్‌కు చేరాలంటే ఇంటర్నెట్ అవసరం. ముందే బ్లాక్ చేసినచో ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. ఈ సదుపాయాన్ని ఫోన్ చేతిలో ఉన్నప్పుడే సిద్ధం చేసుకోవాలి. ఆదేశం చేరేవరకు రక్షణ స్క్రీన్ లాక్ ఒక్కటే.

ఫిర్యాదుకు కావలసిన ఐఎంఇఐ సంఖ్య *#06# నొక్కినచో కనిపిస్తుంది. దానిని కార్యాలయ రిజిస్టరులో నమోదు చేసి ఉంచవలెను.