మన పరపతిచిట్టా మనమే చూచుకొందము

పాలలెక్కయు, పచారుకొట్టు లెక్కయు నెలకొకసారి సరిచూచుకొనని గృహిణి యుండదు. పాలవాడు ఒకపూట యెక్కువ వ్రాసికొన్నచో వెంటనే కనిపెట్టుదుము. కాని మన పేరున వేరొకచోట మఱియొక చిట్టా నడచుచున్నదనియు, అందు తప్పు దొరలినచో మనకు తెలియకయే మన మాటకు విలువ తగ్గుననియు మనలో ననేకులెఱుగరు. అప్పిచ్చువారు మొట్టమొదట చూచునది ఆ చిట్టానే. దానినుండి కట్టిన అంకెయే క్రెడిట్ స్కోరు. జనులు సిబిల్ స్కోరందురు. అది 300 మొదలు 900 వఱకు నుండును.

ధర్మవరమున మా ఆడుబిడ్డయు, ఆమె భర్తయు పట్టుచీరలు నేయించుచుందురు. రెండవ మగ్గమునకై యప్పు కోరగా స్కోరు చాలదని కాగితములు త్రిప్పి పంపిరి. ఏనాడును వాయిదా తప్పని మనిషి, పాపము, నిర్ఘాంతపోయినది. హిందూపురమునకు మా యింటికి వచ్చుచు, దారిలో పెనుకొండలో బంధువుల యింట దిగగా, అచ్చట నొక మధ్యవర్తి మూడువేలిచ్చినచో స్కోరు పెంచి యిత్తునని నమ్మబలికెనట. "వదినా, ఇమ్మందువా?" యని కొంగుముడి చూపినది. మేము వలదంటిమి.

ఆ సాయంకాలమే మా యింటివారు ఫోను తెఱచి, ఆమె ప్యాన్ కార్డు సంఖ్యయు, ఫోనునకు వచ్చిన ఓటీపీయు నింపగా, చిట్టా యంతయు కానీ ఖర్చులేక కన్నుల యెదుట నిలచినది. ఎన్నడో ముడిపట్టునకై తెచ్చి తీర్చివేసిన చిన్నయప్పు, తీరనట్లే అందు వ్రాయబడియున్నది! తీర్చిన రసీదు ఆమె ట్రంకుపెట్టెలో భద్రముగా నున్నది. దానిని జతపఱచి ఫిర్యాదు చేసితిమి. నెల తిరుగకుండ తప్పు దిద్దబడినది. కాని శ్రావణమాసపు పెండ్లిండ్ల బేరము అప్పటికే చేజారినది. ముందే చూచుకొనియున్న ఆ నష్టము లేకుండెడిది గదా!

సోదరీమణులారా, ఇందు మన మెఱుగవలసిన సంగతులు కొన్ని గలవు. 2005 నాటి చట్టము ననుసరించి మన దేశమున ఇట్టి చిట్టాలుంచు సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. ఏటేట నొకసారి, స్కోరుతో గూడ పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెనని రిజర్వు బ్యాంకు 2016లో ఆజ్ఞాపించినది. 2017 జనవరి మొదలు అది యమలులో నున్నది. నాలుగింటిని మూడేసి నెలలకొకటిగా అడిగినచో, ఏడాది పొడవునను ఖర్చులేని కాపలా యగును. అంతకుమించి కావలసినను నివేదికకు నూఱు రూపాయలకంటె నెక్కువ తీసికొనరాదు. ఆ సంస్థల వెబ్‌సైట్లలో చందా కట్టుడను పుటలును వచ్చును. వానిని విడిచి, ఏటి యుచిత నివేదికనే యెన్నుకొనవలయును.

తన చిట్టా తాను చూచుకొన్న స్కోరు తగ్గునను భయము వట్టిది. నాలుగుచోట్ల వెంటవెంట అప్పునకు దరఖాస్తు చేసినచో మాత్రము కొంత తగ్గవచ్చును.

చూచునపుడు పేరు, చిరునామా సరిగా నున్నవా, తీర్చిన యప్పులు తీరినట్లున్నవా, మన మెఱుగని యప్పేదైన మన పేరున నున్నదా యని పరికింపవలయును. ఇంటివారి మాటపై హామీగా పెట్టిన సంతకమును అందు కానవచ్చును. వారు కట్టకున్న మచ్చ మనకే.

తప్పు కనబడిన ఆ సంస్థకో, అప్పిచ్చినవారికో ఫిర్యాదు చేయవలెను. దీనికి రుసుము లేదు. ముప్పది దినములలో పరిష్కరింపకున్న, ఆపై దినమునకు నూఱు రూపాయల చొప్పున మనకు పరిహారమీయవలెనను నియమము 2024 ఏప్రిల్ మొదలు గలదు. అప్పటికిని వినకున్న రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా మొఱపెట్టుకొనవచ్చును. నిజముగా వాయిదా తప్పినవారి స్కోరును మాత్రము ఏ మధ్యవర్తియు పెంచలేడు. వేళకు కట్టుటయే దానికి మందు.

అవసరము వచ్చినపుడు గాక, రాకమునుపే చూచుకొనుట తెలివి. తీర్చిన ప్రతి యప్పునకును రసీదు దాచుడు. ఈ మాసముననే మీ చిట్టా నొకమాఱు విప్పి చూడుడు.