ముఖంమీది ముడతలకు ఆపరేషనా? ముందు ఇవి ఆలోచించండి

ఆరేళ్ళ కిందటి మాట. ఒకరోజు మధ్యాహ్నం ఓ.పి. ముగించి లేవబోతుంటే ఒక టీచరమ్మ వచ్చి కూర్చున్నారు. వయసు యాభై రెండు. బి.పి.కి మా దగ్గరే మందులు వాడుతున్నారు. చీటీ రాయించుకున్నాక కూడా లేవలేదు. కాసేపు తటపటాయించి, "డాక్టరుగారూ, ఫేస్ లిఫ్ట్ అంటున్నారే, అది మంచిదేనాండీ?" అని నెమ్మదిగా అడిగారు.

నేను నవ్వాను. "ఈ వయసులో ఎందుకమ్మా మీకా సోకులు! రేపో మాపో అమ్మమ్మ కాబోతున్నారు" అన్నాను. ఆవిడా నవ్వేసి, చీటీ తీసుకుని వెళ్ళిపోయారు.

నాలుగు నెలల తరువాత ఒక రాత్రి నేను క్యాజువాలిటీ డ్యూటీలో ఉండగా ఆవిణ్ణి కారులోంచి దింపి తీసుకొచ్చారు. తలచుట్టూ కట్టు. కుడి చెంప బిగుసుకుపోయి, నల్లగా కమిలి, ఇంత లావున వాచి ఉంది. భరించలేని నొప్పి. ఆ ఉదయమే నగరంలో ఒక క్లినిక్కులో ఆపరేషను చేసి, సాయంత్రానికి ఇంటికి పంపేశారట. వాపు చూసి కంగారుపడి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదట. బి.పి. చూస్తే 190/110. చర్మం కింద రక్తం గూడుకట్టింది. మా సర్జనుగారు అర్ధరాత్రి వచ్చి, కుట్లు విప్పి, గడ్డకట్టిన రక్తం తీసేశారు. గండం గడిచింది. కాని చెవి వెనుక కొంత చర్మం చచ్చిపోయి రాలిపోయింది. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

కోలుకున్నాక ఆవిడ ఒక్కమాట అన్నారు: "ఆరోజు మీరు నవ్వకపోతే ఇంకో నాలుగు మాటలు అడిగేదాన్నండీ." ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. ఆవిడ అడగాలనుకున్న ఆ నాలుగు మాటలకూ జవాబులు ఈ వారం రాస్తున్నాను. నేను ప్లాస్టిక్ సర్జనును కాను సుమా! కత్తి పట్టేవారికి పాఠాలు చెప్పడం నా పని కాదు. ఆ బల్ల ఎక్కబోయేవారు ముందుగా తెలుసుకోవలసినవే చెబుతాను.

అసలు ఏం చేస్తారు?

వయసు పెరిగేకొద్దీ చర్మంలో సాగే గుణం తగ్గుతుంది. చర్మం కింద కొవ్వు కొన్నిచోట్ల కరిగి, కొన్నిచోట్ల జారుతుంది. దవడ ఎముక కూడా కొంత అరుగుతుంది. అందువల్ల బుగ్గలు దవడ అంచుకు జారి తిత్తుల్లా వేలాడతాయి. మెడ చర్మం వదులవుతుంది. ఎండ, పొగతాగడం ఈ పనిని ఇంకా త్వరపెడతాయి.

ఫేస్ లిఫ్ట్‌లో కణతమీది జుట్టులో కోత మొదలుపెట్టి, చెవి ముందునుంచి దింపి, తమ్మె చుట్టూ తిప్పి, చెవి వెనుకనుంచి మళ్ళీ జుట్టులోకి తీసుకెళతారు. చర్మాన్ని లేవదీసి, దాని కిందనున్న గట్టి పొరను పైకి లాగి కుడతారు. మిగిలిపోయిన చర్మాన్ని కత్తిరించి అంచులు కలుపుతారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ఆపరేషను పుట్టినప్పుడు పైచర్మాన్ని మాత్రమే లాగేవారు. అది త్వరలోనే మళ్ళీ జారేది. 1976లో ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఆ లోపలి పొర గురించి వివరంగా రాసిన తరువాతనే పద్ధతి మారింది.

దీనివల్ల బాగుపడేది ముఖ్యంగా బుగ్గల కింది భాగం, దవడ అంచు, మెడ. నుదుటి గీతలు, కంటికింది సంచులు, పెదవుల చుట్టూ సన్నని ముడతలు, మంగు మచ్చలు దీనితో పోవు. ఫలితం శాశ్వతమూ కాదు. రమారమి ఏడు నుంచి పదేళ్ళు ఉంటుందని చెప్పవచ్చు. గడియారాన్ని కొంచెం వెనక్కి తిప్పగలరు గాని ఆపలేరు.

చేయించుకోవాలా?

ముందు అద్దంలో చూసుకుని, మిమ్మల్ని బాధపెడుతున్నదేమిటో ఒక్క వాక్యంలో కాగితంమీద రాయండి. "దవడ కింద చర్మం వేలాడుతోంది" అంటే సర్జను చేయగలిగిన పని ఉంది. "నన్నెవరూ లెక్కచేయడం లేదు" అంటే ఆ రోగానికి మందు కత్తి కాదు. భర్త పోరుతున్నాడనో, తోడికోడలు చేయించుకుందనో, పిల్ల పెళ్ళి వీడియోలో బాగా కనబడాలనో బయలుదేరకండి. ఇంట్లో ఎవరైనా పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు ఇటువంటి నిర్ణయాలు వద్దు. ఒక ఏడాది ఆగండి. పదిమందికీ కనబడని లోపం తనకు మాత్రమే కనబడుతూ రోజంతా అద్దం వదలనివారు ముందు మానసిక వైద్యుణ్ణి కలవడం మంచిది. అటువంటివారికి ఎన్ని ఆపరేషన్లు చేసినా తృప్తి కలగదు.

రెండోది, నోరు తెరిచి పళ్ళు చూసుకోండి. దవడ పళ్ళు ఊడిపోయి బుగ్గలు లోపలికి పోయినవారికి ఒక్కొక్కప్పుడు మంచి కట్టుడు పళ్ళతోనే ముఖం నిండుతుంది. బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారు, బరువు నిలకడకు వచ్చేదాకా ఆగాలి. ముఖం ఉబ్బరంగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ముఖం రెండుపక్కలా మెల్లగా జారడం వయసు వల్ల. ఉన్నట్టుండి ఒక పక్కకు మూతి వంకరపోతే అది వయసు కాదు. పక్షవాతం కావచ్చు. గంటలు కూడా పోనీయకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

ఈ ఆపరేషనులో అందరికంటె ఎక్కువగా భయపెట్టేది, మా టీచరమ్మకు జరిగినదే. చర్మం కింద రక్తం చేరడం. చాలావరకు మొదటి ఇరవైనాలుగు గంటల్లోనే జరుగుతుంది. బి.పి. అదుపులో లేనివారికీ, మగవారికీ ఇది ఎక్కువ. వెంటనే గుర్తించి తీసేస్తే పెద్ద నష్టం ఉండదు. ఆలస్యమైతే పైచర్మం చచ్చిపోతుంది.

చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారికి చర్మానికి రక్తం సరిగా అందక అంచులు కుళ్ళవచ్చు. కనీసం నెల ముందూ, నెల తరువాతా పూర్తిగా మానాలి. సర్జను దగ్గర అబద్ధమాడితే నష్టం మీకే. షుగరు అదుపులో లేకపోతే పుండు మానదు. ముఖాన్ని కదిలించే నరం దెబ్బతిని మూతి, కనుబొమ కొంతకాలం కదలకపోవచ్చు. చాలామందికి తిరిగి వస్తుంది, అరుదుగా రాకపోవచ్చు.

మనవాళ్ళు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది మరొకటుంది. చెవులు కుట్టించుకున్నచోట గాని, పాత గాయం దగ్గర గాని కండ ఉబ్బి గడ్డలా పెరిగిన చరిత్ర ఉంటే తప్పక చెప్పండి. చామనఛాయ, నలుపు చర్మాల్లో ఈ గుణం ఎక్కువ. చెవి ముందు కోతా అలాగే ఉబ్బితే, ముడత పోయి మచ్చ మిగులుతుంది.

గుండెకు స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడేవారు వాటిని తమంతట తాము ఆపకూడదు. ఆపితే గుండెకు ముప్పు, ఆపకపోతే రక్తస్రావం. ఆ సంగతి గుండె డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని తేల్చాలి. వాడుతున్న ఆయుర్వేదం మందులు, విటమిన్ మాత్రలు కూడా దాచకుండా చెప్పాలి.

ఎక్కడ చేయించుకోవాలి?

ఫలానా ఊరు, ఫలానా ఆస్పత్రి అని నేను చెప్పను. ఎక్కడికి వెళ్ళినా ఈ ప్రశ్నలు వేయండి.

మొదటిది: చేసేదెవరు? పేరు ముందు "కాస్మెటిక్" అని రాసుకున్నంత మాత్రాన చాలదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గాని, డి.ఎన్.బి. గాని ఉండాలి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషను నంబరు అడిగి రాసుకోండి. అడిగితే కోపగించుకునే డాక్టరు దగ్గర మీకు పనిలేదు. ఇటువంటివి ఏడాదికి ఎన్ని చేస్తారో కూడా అడగండి.

రెండోది: మత్తు ఇచ్చేదెవరు? ఆపరేషను జరిగినంతసేపూ అర్హతగల మత్తు డాక్టరు పక్కనే ఉండాలి.

మూడోది: అది ఆస్పత్రా, అపార్టుమెంటులో గదా? ప్రైవేటు ఆస్పత్రి ఏదైనా జిల్లాలో రిజిస్టరు చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్టు చూడండి. సరైన ఆపరేషను థియేటరు, ఆక్సిజను, రాత్రి డ్యూటీ డాక్టరు ఉన్నారా?

నాలుగోది, అన్నిటికంటె ముఖ్యమైనది: "రాత్రి రెండు గంటలకు నా ముఖం వాస్తే ఎవరికి ఫోను చెయ్యాలి? ఎవరు వస్తారు?" దీనికి మనిషి పేరుతో సహా జవాబు రావాలి. మొదటి రాత్రి ఆస్పత్రిలోనే ఉంచమనండి.

హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లోనూ, విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రిలోనూ, గుంటూరు ప్రభుత్వాస్పత్రిలోనూ ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. కాలిన గాయాలు, ప్రమాదాల్లో చితికిన ముఖాలు, గ్రహణం మొర్రి వంటివాటితోనే అక్కడివారికి తీరిక ఉండదు. కేవలం అందం కోసమైతే వంతు దొరకడం కష్టమే. కాని ఓ.పి.లో చూపించుకుని సలహా అడగవచ్చు. అమ్మడానికి ఏమీ లేనివారి సలహా వినడం మంచిదే కదా!

ఖర్చంతా వివరంగా రాసి ఇమ్మనండి. థియేటరు, మత్తు, మందులు, మళ్ళీ కుట్లు విప్పవలసి వస్తే అయ్యేది, అన్నీ అందులో ఉండాలి. అందం కోసం చేసే ఆపరేషనుకు ఆరోగ్య బీమా వర్తించదు. పైగా జి.ఎస్.టి. పడుతుంది. "ఈరోజే అడ్వాన్సు కడితే తగ్గింపు" అన్నచోటునుంచి లేచి వచ్చేయండి. చీరల షాపులో తగ్గింపు వేరు, ముఖం వేరు. వాళ్ళు చూపించే ఫోటోలు ఒకే వెలుతురులో తీసినవేనా, ఏడాది గడిచాక తీసినవి ఉన్నాయా అని అడగండి.

అమెరికానుంచి మూడువారాల సెలవులో వచ్చి, చవకగా ఇక్కడ చేయించుకుని వెళ్ళాలనుకునే మనవాళ్ళూ ఉన్నారు. కుట్లు విప్పడానికే వారం పది రోజులు పడుతుంది. వాపు, కమిలిన రంగు తగ్గడానికి రెండు మూడు వారాలు కావాలి. విమానం ఎక్కాక తేడా వస్తే చూసేదెవరు? సెలవు మొదట్లోనే చేయించుకోవాలి. అక్కడ చూసే డాక్టరును ముందే మాట్లాడుకోవాలి. పెళ్ళిళ్ళకైనా అంతే. కనీసం మూడు నెలల ముందు మాట.

కత్తి లేకుండా కుదరదా?

సూదిమందులు, దారాలు అంటూ ప్రకటనలు చూస్తున్నారు. బొటాక్స్ నుదుటి గీతలకు పనిచేస్తుంది. మూడు నాలుగు నెలలుంటుంది. ఫిల్లర్లు గుంటలు నింపుతాయి. బాగా వేలాడే చర్మాన్ని ఇవేవీ ఎత్తలేవు. ఫిల్లరు పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం కుళ్ళవచ్చు, కన్నే పోవచ్చు. కనుక బ్యూటీ పార్లరులో ముఖానికి సూది పొడిపించుకోకండి. ఎండలోకి వెళ్ళేటప్పుడు గొడుగు, సన్‌స్క్రీను, పొగ మానడం - ఇవి ఖర్చు తక్కువ, అందరికీ పనికొచ్చేవి.

ఇంట్లోవారికి ఒక మాట

పోయిన నెల ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి ఇదే ప్రశ్న అడిగారు. ఈసారి నేను నవ్వలేదు. కుర్చీ దగ్గరకు లాక్కోమని, పైన రాసినవన్నీ ఒక కాగితంమీద రాసిచ్చాను. బి.పి. మందు సరిచేశాను. ఆలోచించుకుని చెబుతామని వెళ్ళారు. ఇంకా రాలేదు. తొందరేమీ లేదు.

మీ ఇంట్లో అమ్మో, అత్తగారో, అక్కో ఈ మాటెత్తితే "ముసలితనంలో ముచ్చట్లా" అని ఎగతాళి చేయకండి. చేయించుకోవడమా మానడమా అన్నది వారి ఇష్టం. ఎగతాళికి జడిసి మనిషి కోరిక మానుకోదు, చెప్పడం మానుకుంటుంది. అలా చెప్పకుండా వెళ్ళినవాళ్ళే అర్ధరాత్రి మా క్యాజువాలిటీ గుమ్మం ఎక్కుతున్నారు. వెంట మీరూ వెళ్ళండి. ఆ నాలుగు ప్రశ్నలూ మీరే అడగండి.